మందపాటి ప్లేట్ల ఫ్రేములో వెల్డింగ్ లాగుడు: ముందే లెక్కగట్టడం, తగ్గించడం

మీ ప్రశ్న సారాంశం ఇది. చెన్నై అంబత్తూరులోని మీ షెడ్డులో ఒక ప్రెస్సుకు నాలుగు బేస్ ఫ్రేములు కడుతున్నారు. అడుగు ప్లేటు పొడవు 4 మీటర్లు, వెడల్పు 1 మీటరు, మందం 50 మి.మీ. దాని మీద 600 మి.మీ. ఎడంతో రెండు వెబ్‌లు (నిలువు ప్లేట్లు) నిలబెట్టారు. ఒక్కొక్కటి 500 మి.మీ. ఎత్తు, 40 మి.మీ. మందం. స్టీలు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2062లోని ఇ350 రకం. వెబ్‌లను బయటి వైపు నుంచి మాత్రమే 45 డిగ్రీల బెవెల్ (వాలు కోత) తీసి, మందం అంతా నిండే ఫుల్ పెనెట్రేషన్ వెల్డు చేశారు. పూర్తయిన రెండు ఫ్రేముల్లోనూ పొడవు వెంట మధ్యభాగం 5 మి.మీ. పైకి లేచింది, అడుగు ప్లేటు అంచులు చెరో 3 మి.మీ. వెబ్ వైపు లేచాయి, వెబ్‌ల పై అంచులు బయటికి తెరుచుకున్నాయి. పైగా ప్యాడ్‌లను (భారం ఆనే ముఖాలను) మెషిన్ చేసి క్లాంపులు విప్పగానే మరో 0.4 మి.మీ. కదలిక వచ్చింది. దీన్ని ముందే లెక్కగట్టవచ్చా, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కొనాలా, మిగిలిన రెండు ఫ్రేములకు ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. పలుచటి షీటులో వచ్చిన వంకరను సుత్తితోనో మంటతోనో తరువాత సరిచేసుకోవచ్చు. నలభై, యాభై మి.మీ. ప్లేటులో ఆ అవకాశం దాదాపు ఉండదు. అక్కడ లాగుడు, అంటే వెల్డు వేడికి వచ్చే వంకర, ఎంత రావాలో డ్రాయింగు మీద బెవెల్ గీసినప్పుడే చాలావరకు తేలిపోతుంది. మిగిలిన భాగం జాయింటు సగం లోతు నిండేలోపు తేలిపోతుంది. కాబట్టి మీ శ్రమ, మీ కొలతలు, మీ డబ్బు ఆ రెండు దశల్లో పెట్టాలి. వెల్డింగు పూర్తయ్యాక ఏం చేయాలన్నది చివరి ప్రశ్న కావాలి, మొదటిది కాకూడదు.

లాగుడు ఎందుకు వస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం, ఎందుకంటే తరువాతి నిర్ణయాలన్నీ దీని మీదే నిలుస్తాయి. కార్బన్ స్టీలు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. దాటిన మందంలో ఇ350 స్టీలు యీల్డ్ బలం, అంటే లోహం శాశ్వతంగా లొంగడం మొదలుపెట్టే ఒత్తిడి, 320 మెగాపాస్కల్స్. దాన్ని స్థితిస్థాపక గుణకం 2,00,000తో భాగిస్తే యీల్డ్ స్ట్రెయిన్ 0.0016 వస్తుంది. దీన్ని వ్యాకోచ గుణకంతో భాగిస్తే సుమారు 130 డిగ్రీలు. అంటే ఎటూ వ్యాకోచించడానికి వీల్లేకుండా చుట్టూ చల్లని లోహం బిగించి పట్టుకున్న చోట, ఉష్ణోగ్రత 130 డిగ్రీలు పెరిగితే చాలు, ఆ లోహం నొక్కుడుకు లొంగి శాశ్వతంగా కుంచించుకుపోతుంది. వెల్డు పక్కన ఉన్న లోహం చూసేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వేడి, పైగా వేడెక్కేకొద్దీ దాని బలం పడిపోతుంది. చల్లారేటప్పుడు కుంచించుకున్న ఆ పట్టీ తన పాత పొడవుకు రాలేక పక్క లోహాన్ని లాగుతుంది. లాగగలిగినంత మేర వంపు వస్తుంది, లాగలేకపోయినది యీల్డ్ బలం దాకా చేరే తన్యతా ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. మందపాటి కట్టడంలో ఈ రెండో భాగం ఎక్కువ. కంటికి ఫ్రేము తిన్నగా కనిపిస్తుంది. మెషినింగులో పై పొర తీసెయ్యగానే లోపలి ఒత్తిళ్ల సమతౌల్యం చెడి అది కదులుతుంది. మీ 0.4 మి.మీ. అదే.

స్టెయిన్‌లెస్ స్టీలు వాడేవారు ఇంకా జాగ్రత్తపడాలి. ఆస్టెనిటిక్ రకాల వ్యాకోచం కార్బన్ స్టీలు కంటే సుమారు నలభై శాతం ఎక్కువ, ఉష్ణవాహకత మూడో వంతు మాత్రమే. వేడి ఒక్కచోటే నిలుస్తుంది, లాగుడు పెరుగుతుంది. మనకు దగ్గర్లో కల్పాక్కంలో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు కోసం దాదాపు 13 మీటర్ల వ్యాసం ఉన్న ప్రధాన వెసెల్‌ను 316ఎల్ఎన్ స్టీలుతో కట్టారు. అంత పెద్ద చుట్టులో ఆకారాన్ని నిలపడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. ఫ్రాన్సులో కడుతున్న ఇటర్ ఫ్యూజన్ యంత్రంలో వాక్యూమ్ వెసెల్ గోడలు 60 మి.మీ. స్టెయిన్‌లెస్. సెక్టార్లను ఒకదానితో ఒకటి వెల్డు చేయవలసిన అంచుల కొలతలు నిర్దేశించిన ఆకారం నుంచి తప్పాయని 2022లో ఆ సంస్థే ప్రకటించింది. కొన్నిచోట్ల లోహం చేర్చి, కొన్నిచోట్ల చెక్కి సరిచేయవలసి వచ్చింది. విస్తారమైన సిమ్యులేషన్ వనరులున్న చోటా మందపాటి వెల్డు ఇలా సవాలు విసురుతుంది. మీ ఫ్రేములు లాగాయని మీ మనుషుల పనితనాన్ని శంకించనక్కర్లేదు.

ఇక మీ ఫ్రేము లెక్క. పొడవు వెంట వచ్చే వంపుకు లింకన్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరు ఓమర్ బ్లాడ్జెట్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం చాలు. వెల్డు లోహపు అడ్డుకోత వైశాల్యాన్ని, ఆ వెల్డు నుంచి సెక్షన్ తటస్థ అక్షానికి (వంగినప్పుడు పొడవు మారని గీతకు) ఉన్న దూరంతోను, పొడవు వర్గంతోను గుణించి, సెక్షన్ జడత్వ భ్రామకంతో (వంగడాన్ని ఎదిరించే కొలతతో) భాగించి, 0.005తో గుణిస్తే వంపు వస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలో పెట్టవచ్చు. మీ సెక్షన్‌కు తటస్థ అక్షం అడుగు నుంచి 147 మి.మీ. ఎత్తులో ఉంది, జడత్వ భ్రామకం సుమారు 252 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం. 40 మి.మీ. వెబ్‌కు ఒకవైపు 45 డిగ్రీల బెవెల్ అంటే 800 చదరపు మి.మీ. త్రిభుజం, దానికి 3 మి.మీ. రూట్ గ్యాప్ (జాయింటు అడుగున వదిలే సందు) తాలూకు 120, పైన ఉబ్బుగా నిలిచే కాస్త రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఒక్కో జాయింటుకు 950 అనుకుంటే రెండింటికి 1,900. వెల్డు కేంద్రం నుంచి తటస్థ అక్షానికి దూరం 84 మి.మీ. లెక్కవేస్తే వంపు 5 మి.మీ. వెల్డు తటస్థ అక్షానికి కిందనే ఉంది కనుక అడుగు భాగం కుంచించుకుని మధ్యభాగం పైకి లేవాలి. మీరు కొలిచినదీ 5 మి.మీ., దిశా అదే.

ఇంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం ఉందని గుర్తుంచుకోండి. పాస్‌ల (ఒక్కో వెల్డు వరుస) సంఖ్య, మధ్య చల్లారే సమయం, బిగింపు, టాక్‌ల (ముక్కలను పట్టి ఉంచే చిన్న వెల్డుల) బలం ఇవేవీ ఈ సూత్రంలోకి రావు. వాటిని బట్టి అసలు వంపు లెక్క కన్నా బాగా తక్కువో ఎక్కువో రావచ్చు. దీని నిజమైన ఉపయోగం రెండు పద్ధతులను పోల్చడంలో ఉంది, ఎందుకంటే తప్పు రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి నిష్పత్తి నిలుస్తుంది. మీ దగ్గర రెండు ఫ్రేముల కొలతలు ఉన్నాయి గనుక 0.005 అన్న గుణకాన్ని మీ షెడ్డు పద్ధతికి తగినట్టు మీరే స్థిరపరచుకోవచ్చు. అటువంటి సొంత గుణకం ఉన్న షెడ్డు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉండి కొలతలు రాసుకోని షెడ్డు కన్నా మెరుగైన అంచనా వేస్తుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు పోలిక చూడండి. అదే వెబ్‌కు రెండు వైపులా 20 మి.మీ. చొప్పున బెవెల్ తీసి కె జాయింటు చేస్తే రెండు త్రిభుజాలు కలిపి 400, గ్యాప్ 120, మొత్తం 520 చదరపు మి.మీ. ఒకవైపు బెవెల్‌తో పోలిస్తే లోహం దాదాపు సగం. వంపు 3 మి.మీ.కి దిగుతుంది. మీ ఫ్రేము పైన మూత లేని పెట్టె; వెబ్‌ల మధ్య 600 మి.మీ. ఎడం ఉంది, లోపలి నుంచి వెల్డు చేయడానికి టార్చి, చెయ్యి రెండూ పోతాయి. మరి బయటి నుంచే ఎందుకు చేశారో నాకు అర్థం కాలేదు. ఫ్రేమును తిప్పే పని తప్పించుకోవడానికే అయితే, ఆ మిగిలిన సమయానికి రెండింతలు ఇప్పుడు ఖర్చవుతోంది.

ఇంకో అడుగు ముందుకు వేసి డిజైనర్‌ను అడగండి: ఈ జాయింటుకు పొడవంతా ఫుల్ పెనెట్రేషన్ నిజంగా కావాలా? రెండు వైపులా 12 మి.మీ. లోతు బెవెల్, దాని మీద 8 మి.మీ. ఫిల్లెట్ సరిపోతే జాయింటుకు లోహం 210 చదరపు మి.మీ.కి, వంపు 1.2 మి.మీ.కి వస్తాయి. అడుగు ప్లేటుకు వెబ్‌కు మధ్య జారుడు ఒత్తిడి తప్ప పెద్ద తన్యతా భారం లేని చోట ఇది తరచుగా సరిపోతుంది. ప్రెస్సు కాబట్టి కొట్టుడు భారం, ఫెటీగ్ ఉంటాయి. లోపల మిగిలిన వెల్డు కాని పట్టీ పగులుకు మొదలు కావచ్చు. కాబట్టి టై రాడ్ల దగ్గర, భారం నేరుగా దిగే ప్యాడ్‌ల కింద ఫుల్ పెనెట్రేషన్ ఉంచి మిగతా పొడవులో తగ్గించవచ్చేమో లెక్కగట్టవలసింది ఆయనే. మీరు షెడ్డులో సొంతంగా మార్చే విషయం కాదిది. కానీ అడగకుండా ఊరుకునే విషయమూ కాదు. చాలా డ్రాయింగుల్లో ఫుల్ పెనెట్రేషన్ గుర్తు భారం లెక్కగట్టి పెట్టినది కాదు, భయంతో పెట్టినది.

అంచులు లేవడం, వెబ్‌లు తెరుచుకోవడం వేరే రకం లాగుడు. బెవెల్ పైభాగం వెడల్పు, రూట్ దగ్గర సన్నం. వెడల్పున్న చోట ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి ప్లేటు ఆ వైపుకు తిరుగుతుంది. బయటి నుంచి మాత్రమే నింపితే వెబ్ బయటికి వాలడం అనివార్యం. కె జాయింటులో రెండు వైపులూ ఒకదాన్నొకటి సరిచేస్తాయి, కానీ ఒకవైపు పూర్తిగా నింపి తరువాత రెండో వైపుకు వెళితే ఆ లాభం పోతుంది. తిరగడాన్ని అడ్డుకునే శక్తి నిండిన లోతు ఘనంతో పెరుగుతుంది. 10 మి.మీ. నిండినప్పుడున్న బిగువు 20 మి.మీ.కి ఎనిమిదింతలు అవుతుంది. మొదటి వైపు తెచ్చిన వాలును రెండో వైపు అదే లోహంతో వెనక్కి లాగలేదు.

అందుకే క్రమం ఇలా ఉండాలి. మొదటి వైపు రూట్, దాని మీద రెండు మూడు పాస్‌లు. వెనక వైపు నుంచి లోపం లేని లోహం కనిపించేదాకా గౌజింగ్ (ఆర్క్‌తో తవ్వడం), గ్రైండింగ్, పగుళ్లు చూపే రంగుద్రవంతో పెనెట్రెంట్ పరీక్ష. తరువాత రెండో వైపు కొంచెం ఎక్కువ పాస్‌లు, మళ్లీ మొదటి వైపు. గౌజింగు రెండో వైపు లోతును పెంచుతుంది కనుక బెవెల్‌ను సరిగ్గా సగం సగం తీయకండి, 40 మి.మీ. వెబ్‌కు మొదటి వైపు 23 లేదా 24, రెండో వైపు 17 లేదా 16 తీస్తే గౌజింగు తరువాత రెండూ సమానమవుతాయి. వెబ్‌లు రెండింటినీ ఇద్దరు వెల్డర్లు ఒకేసారి, ఒకే దిశలో, ఒకే కరెంటుతో చేయాలి. పొడవు వెంట మధ్య నుంచి చివరలకు, రూట్ పాస్‌లలో బ్యాక్ స్టెప్ (చిన్న ముక్కలుగా, ఒక్కొక్కటి వెనక్కి చేసే) పద్ధతిలో.

పాస్ పరిమాణం గురించి షెడ్డుల్లో ఒక అపోహ ఉంది: చిన్న చిన్న పాస్‌లు పెడితే వేడి తక్కువ, లాగుడు తక్కువ అని. ఒక్కో పాస్ చూస్తే నిజమే, కానీ జాయింటు నిండడానికి పాస్‌ల సంఖ్య పెరుగుతుంది, ప్రతి పాసూ చల్లారుతూ ఇంకొంచెం తిప్పుతుంది. మందపాటి జాయింటులో తక్కువ సంఖ్యలో పెద్ద పాస్‌లే కోణపు లాగుడును తగ్గిస్తాయి. 28 వోల్టులు, 260 ఆంపియర్లు, సెకనుకు 6 మి.మీ. వేగంతో మాగ్ (వాయువు రక్షణలో తీగతో చేసే) వెల్డింగు చేస్తే, 0.8 సామర్థ్యంతో, మి.మీ.కి సుమారు 1 కిలోజౌల్ వేడి పడుతుంది. మీ పాత బెవెల్ నిండడానికి అలాంటి పాస్‌లు నలభై దాకా పడతాయి. 32 వోల్టులు, 600 ఆంపియర్లు, సెకనుకు 8 మి.మీ. వేగంతో సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ (ఫ్లక్సు పొడి కింద చేసే వెల్డింగు) అయితే, దాదాపు పూర్తి సామర్థ్యంతో, 2.4 కిలోజౌల్స్, పాస్‌లు బాగా తగ్గుతాయి. మీ వెల్డింగ్ ప్రొసీజర్‌లో ఇంపాక్ట్ టెస్టు షరతు ఉంటే ఈ పెంపుకు హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల పెద్ద పాస్‌ల వైపే మొగ్గండి.

కొలవడం గురించి గట్టిగా చెప్పాలి. మొదటి వైపు మూడు పాస్‌లు పడ్డాక, రెండో వైపు మూడు పడ్డాక, అలా సగం లోతు వచ్చేదాకా ప్రతిసారీ ఆగి వెబ్ నిలువును, ప్లేటు అంచుల ఎత్తును కొలిచి పలక మీద రాయండి. వాలు ఎటు మొగ్గితే దాని ఎదుటి వైపు తరువాతి పాస్‌లు పెట్టండి. సగం లోతు దాటాక కొలిస్తే తెలుసుకోవడం తప్ప చేయగలిగింది ఉండదు. పాస్‌ల క్రమం ఇంగ్లీషు కాగితంలో ఆఫీసులో ఉంటే ప్రయోజనం లేదు. మీ దగ్గర శ్రీకాకుళం, నెల్లూరు వెల్డర్లు, వారి పక్కనే తమిళ, ఒడియా, బీహారు కుర్రవాళ్లు పనిచేస్తారు. ప్లేటు మీదే సుద్దతో అంకెలు, బాణాలు గీయండి; అందరికీ అర్థమయ్యే భాష అదే.

కొలిచేటప్పుడు ఉష్ణోగ్రత సమంగా ఉండాలి. 50 మి.మీ. ప్లేటు పై ముఖం కింది ముఖం కంటే 60 డిగ్రీలు వేడిగా ఉంటే, ఆ తేడా వల్లే 1 మీటరు వెడల్పులో 1.8 మి.మీ. వంపు వస్తుంది, చల్లారితే పోతుంది. టార్చితో ఒకవైపే ప్రీహీట్ (వెల్డింగుకు ముందు ఇచ్చే వేడి) పట్టి, ఆ వంపులో వెబ్‌ను టాక్ చేస్తే మాత్రం పోదు, అలాగే బిగిసిపోతుంది. ప్రీహీట్‌ను కింది నుంచి కూడా ఇవ్వండి, రెండు ముఖాలూ సమానమయ్యేదాకా ఆగండి. ఆఖరి కొలతలు తెల్లవారుజామున తీయండి. మన చెన్నై ఎండలో ఆరుబయట ఉన్న 550 మి.మీ. ఎత్తు ఫ్రేముకు పైభాగం అడుగు కన్నా 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 4 మీటర్ల పొడవులో 0.6 మి.మీ.కి పైగా వంపు కనిపిస్తుంది. మధ్యాహ్నం కొలిచినవారికీ ఉదయం కొలిచినవారికీ తగవు పెట్టడానికి అది చాలు.

మిగిలిన రెండు ఫ్రేములకు నా ముఖ్యమైన సూచన, వాటిని జంటగా వెల్డు చేయమని. రెండు అడుగు ప్లేట్లను వీపు వీపు ఆనించి, ఫౌండేషన్ బోల్టుల రంధ్రాల గుండానే బిగించండి. అప్పుడు జంట సెక్షన్ తటస్థ అక్షం రెండు ప్లేట్లు కలిసే గీత మీదికి వస్తుంది, పై ఫ్రేము లాగుడును కింది ఫ్రేము లాగుడు ఎదుర్కొంటుంది. అంచులు లేవడానికి విరుగుడుగా ప్లేట్ల మధ్య పొడవంతా నడిమి గీత మీద 4 మి.మీ. పట్టీ పెట్టి అంచులను దగ్గరికి లాగితే ఒక్కో ప్లేటు అంచు 2 మి.మీ. వెనక్కి వంగి ఉంటుంది. ఈ వంపు వల్ల ప్లేటులో వచ్చే ఒత్తిడి 120 మెగాపాస్కల్స్, యీల్డ్ కంటే చాలా తక్కువ. కానీ దానికి కావలసిన బలం చిన్నది కాదు: ఒక్కో అంచున మీటరు పొడవుకు సుమారు 10 టన్నులు. సి క్లాంపులు దీనికి పనికిరావు; అర మీటరుకు ఒకటి చొప్పున ఎం36 బోల్టులు ఉంటే ఒక్కోదాని మీద 5 టన్నులు పడుతుంది, అది సురక్షితమే. రంధ్రాలు అంత దగ్గరగా లేకపోతే అంచుల వెంట క్లీట్లు (చిన్న పట్టు ముక్కలు) పెట్టి బోల్టులు బిగించండి. ప్లేట్లు, వెబ్‌లు కలిపి ఒక్కో ఫ్రేము 2.8 టన్నులు; రిబ్బులతో జంట 6 టన్నులు దాటుతుంది. తిప్పడానికి మీ క్రేను, స్లింగులు, లిఫ్టింగ్ లగ్గులు దానికి తగినవో ముందే చూసుకోండి. లగ్గు వెల్డును తేలిగ్గా తీసుకోవద్దు, కింద మనుషులుంటారు.

బిగింపు ఎంత పెరిగితే పగుళ్ల ప్రమాదం అంత పెరుగుతుంది. తిరగడాన్ని ఆపి, అడ్డంగా కుంచించుకోవడానికి వీలిచ్చే బిగింపు మంచిది. స్ట్రాంగ్‌బ్యాక్‌లను (ప్లేటును తిన్నగా పట్టే బిగువు పట్టీలను) నేరుగా వెల్డు చేసి బిగించేకంటే గాడి, చీల పద్ధతిలో పెట్టండి. మీ అడుగు ప్లేటును వెబ్ వెల్డు మందం దిశలో లాగుతుంది. రోలింగులో పరుచుకున్న మలినాల పొరలున్న ప్లేటైతే పొరలుగా చీలుతుంది. దీన్ని లామెల్లార్ టేరింగ్ అంటారు. దీన్ని నివారించడానికి ప్లేటు కొనేటప్పుడే మందం దిశ లక్షణాలకు హామీ ఉన్న జెడ్25 లేదా జెడ్35 రకం అడగడం ఉత్తమం. ఇప్పటికే కొని ఉంటే వెబ్ కూర్చునే పట్టీని వెల్డింగుకు ముందూ తరువాతా అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించండి. లో హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో 38 నుంచి 65 మి.మీ. మందానికి అమెరికన్ వెల్డింగ్ కోడ్ డి1.1 ఇలాంటి స్టీళ్లకు అడిగే కనీస ప్రీహీట్ 65 డిగ్రీలు. మీ బిగింపు చూస్తే నేను 110 కంటే తగ్గించను, ఇంటర్‌పాస్ (రెండు పాస్‌ల మధ్య) ఉష్ణోగ్రత 250 దాటనివ్వను. ప్రీహీట్ వల్ల వేడి తేడా తగ్గి లాగుడూ కొంత తగ్గుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మన సముద్రపు గాలికి తెరిచిన ఎలక్ట్రోడ్ ప్యాకెట్టు గంటల్లో తేమ పీలుస్తుంది. 7018 రకం లో హైడ్రోజన్ ఎలక్ట్రోడులను తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకు బేక్ చేసి, వెల్డరు పక్కన హోల్డింగ్ క్వివర్‌లోనే (వేడిగా ఉంచే డబ్బాలోనే) ఉంచండి. సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ ఫ్లక్సుకూ ఇదే నియమం. ఆలస్యంగా వచ్చే హైడ్రోజన్ పగుళ్ల కోసం తుది పరీక్షను వెల్డింగు ముగిసిన 48 గంటల తరువాత పెట్టుకోండి.

సిమ్యులేషన్ విషయానికి వస్తే, మీ పనికి కొనవద్దనే చెబుతాను. పూర్తి థర్మో ఎలాస్టిక్ ప్లాస్టిక్ లెక్కలో, 1984లో గోల్డాక్ ప్రతిపాదించిన డబుల్ ఎలిప్సాయిడ్ లాంటి ఉష్ణ మూలాన్ని ప్రతి పాస్ వెంట నడిపించాలి. 4 మీటర్ల జాయింటుకు, డజన్ల పాస్‌లకు అది చాలా బరువైన లెక్క. పైగా వెయ్యి డిగ్రీల దగ్గర మీ స్టీలు యీల్డ్ బలం, మీ బిగింపు ఎంత గట్టిది, టాక్‌లు ఎక్కడ లొంగాయి వంటి విలువలు ఊహించి ఇవ్వవలసి వస్తుంది. ఇచ్చిన ఊహ ఎంత మంచిదో వచ్చిన జవాబు అంతే. జపానులో ఒసాకా విశ్వవిద్యాలయంలో ఉయెదా బృందం పెంపొందించిన ఇన్‌హెరెంట్ స్ట్రెయిన్ పద్ధతి మీలాంటి వారికి దగ్గరి దారి: చిన్న నమూనాలో శాశ్వత కుంచింపును కొలిచి లేదా లెక్కగట్టి, దాన్ని పెద్ద నిర్మాణపు మామూలు ఎలాస్టిక్ మోడల్‌లో పెడతారు. మీ డిజైన్ విభాగంలో ఇప్పటికే ఉన్న సాధారణ ఫైనైట్ ఎలిమెంట్ ప్యాకేజీ దానికి చాలు. వందల ఫ్రేములు కట్టే పనో, తప్పితే పారేయవలసిన ఖరీదైన వెసెలో అయితే పూర్తి సిమ్యులేషన్ చేయించండి. తిరుచిరాపల్లి బి.హెచ్.ఇ.ఎల్.లోని వెల్డింగ్ పరిశోధన సంస్థలో ఇటువంటి విషయాలు తెలిసినవారు ఉన్నారు.

దానికన్నా ముందు ఒక నమూనా ముక్క చేయండి. 600 మి.మీ. పొడవు, అసలు మందాలు, అసలు బెవెల్, అదే ప్రీహీట్, అదే వెల్డరు. బిగింపు లేకుండా వదిలి, పంచ్ గుర్తుల మధ్య దూరాన్ని, వెబ్ వాలును ప్రతి పొర తరువాతా రాసుకుంటే ఒక్కో పొర ఎంత తిప్పుతోందో మీ చేతిలో పట్టికగా ఉంటుంది. వైపు మార్చవలసిన పాస్ ఏదో ఆ పట్టికే చెబుతుంది. పొడవు వంపును మాత్రం చిన్న ముక్క చూపదు, దానికి పై సూత్రమే ఆధారం.

స్ట్రెస్ రిలీవింగ్‌ను, అంటే వేడిచేసి లోపలి ఒత్తిడిని సడలించడాన్ని, జంట విప్పకముందే చేయించండి. బోల్టులు విప్పి ఫర్నేసుకు పంపితే, పట్టి ఉంచిన వంపులో కొంత వెనక్కి వచ్చేస్తుంది. బిగించి ఉంచి వేడిచేస్తే ఆ ఒత్తిడి అక్కడే సడలుతుంది. ఆ వేడికి బోల్టులు కూడా సడలుతాయి కాబట్టి క్లీట్లు, చీలలు అదనంగా ఉండాలి. 595 డిగ్రీలకు పైన, నేనైతే 600 నుంచి 620 మధ్య, అంగుళానికి గంట చొప్పున 50 మి.మీ.కి రెండు గంటలు నిలపండి. ప్రెషర్ వెసెల్ కోడ్ ప్రకారం 425 డిగ్రీల పైన వేడి పెరిగే వేగం గంటకు 222ను అంగుళాల మందంతో భాగించినంత, అంటే మీకు 111. చల్లార్చేది 280ని భాగించినంత, 140. మీది వెసెల్ కాకపోయినా ఈ హద్దులు పాటించండి, వీలైతే 70, 80 దగ్గర ఉంచండి, ఎందుకంటే పలుచటి రిబ్బులు ముందు వేడెక్కి కొత్త వంపు తెచ్చిపెడతాయి. ఫర్నేసులో ఆనింపులు సమతలంగా ఉన్నాయో లేదో మీ మనిషే వెళ్లి చూడాలి. 600 డిగ్రీల దగ్గర స్టీలు బలం సగానికి పైగా పోతుంది, ఆధారం లేని చోట తన బరువుకే కుంగుతుంది. వైబ్రేషన్‌తో ఒత్తిడి తీసేస్తామని వచ్చేవారు ఉంటారు. కోడ్ అడిగిన హీట్ ట్రీట్‌మెంట్‌కు అది బదులు కాదు. ఇంత బిగువైన ఫ్రేముకు నేను దాని మీద ఆధారపడను.

ఇక పూర్తయిన రెండు ఫ్రేములు. అడుగు ప్లేటులో మెషినింగ్ అలవెన్సు ఎంత మిగిలిందో ముందు చూడండి; డిజైనరు ఒప్పుకుంటే 5 మి.మీ. వంపును రెండు ముఖాల మీద పంచి చెక్కడమే తక్కువ ప్రమాదమున్న దారి. అది కుదరకపోతే వెబ్‌ల పై అంచుల్లో మంటతో వి ఆకారపు హీటింగ్ చేయాలి. పై అంచు కుంచించుకుంటే మధ్యభాగం దిగుతుంది. 5 మి.మీ. తీయడానికి రెండు వెబ్‌ల పై అంచులూ మొత్తం మీద సుమారు 4 మి.మీ. చొప్పున కుంచించుకోవాలి, అది ఎన్నో వి లకు పంచవలసిన పని. 40 మి.మీ. మందం లోపలి దాకా వేడి దిగడానికి రెండు ముఖాల నుంచి ఇద్దరు టార్చిలు పట్టాలి, 650 డిగ్రీలు దాటకుండా టెంపరేచర్ చాక్ వాడాలి, నీళ్లు పోయకూడదు. మధ్య నుంచి మొదలుపెట్టి, మొదటి జత వి లు పూర్తిగా చల్లారాక ఎంత దిగిందో కొలిచి, తరువాతివి ఎన్నో అప్పుడు నిర్ణయించండి. అంచుల 3 మి.మీ. జోలికి మంటతో వెళ్లకండి, 50 మి.మీ. ప్లేటులో అది తెచ్చే కొత్త ఒత్తిడి పాతదానికంటే చెడ్డది. సరిచేయడం అయ్యాక స్ట్రెస్ రిలీవింగ్, ఆ తరువాతే ప్యాడ్‌ల రఫ్ మెషినింగ్. ఫినిషింగ్ కట్‌కు ముందు క్లాంపులు అన్నీ విప్పి, ఫ్రేము తనంతట తాను ఎలా కూర్చుంటుందో అలా మూడు ఆధారాల మీద కూర్చోబెట్టి, ఖాళీ ఉన్న చోట షిమ్ వేసి, డయల్ గేజ్ ముల్లు కదలనంత తేలికగా మళ్లీ బిగించమని మీ మెషినిస్టుకు చెప్పండి.